మామ్మ దండం పెట్టిన కొండపీత

ఇప్పుడంటే తలనొప్పికి ఓ మాత్ర మింగి ముసుగు తన్నుతున్నాం గానీ, ఆ రోజుల్లో మా ఇంట్లో నవాసారం, సున్నం అరచేతిలో నలిపి ముక్కు దగ్గర పెట్టేవారు. ఆ ఘాటు నషాళానికి అంటేది, కళ్ళమ్మట నీళ్ళు కారేవి. నొప్పి పోయేదో, ఆ మంటలో దాన్ని మరిచిపోయేవాళ్ళమో నాకిప్పటికీ తెలీదు. మా మామ్మకి మాత్రం అదే సంజీవని.

నాన్నకి అరకు కొండల్లో రోడ్డు పని దగ్గర గుమస్తాగిరీ దొరికితే మేమంతా వెంట వెళ్ళాం. తొలకరి పడగానే కొండపీతలు బొరియల్లోంచి బయటికొచ్చి, నీళ్ళతో పనే లేనట్టు తడి ఆకుల మీద తిరిగేవి. నాన్న ఓరోజు కొన్ని పట్టుకొచ్చారు. అన్నీ పులుసులోకి పోయాయి గానీ, ఒంటి డెక్కది ఒకటి నాకు నచ్చేసింది. కాళ్ళావేళ్ళా పడితే, సంతరోజు దాకా ఉంచుకోమని, ఆ తర్వాత పులుసేనని మామ్మ గడువు పెట్టింది. పాత జాడీలో కాస్త తడిమన్ను వేసి, దాన్ని అందులో పెట్టి మూత బిగించాను. (గాలికి మూతలో బెజ్జం ఉందిలెండి, నేనంత కసాయిదాన్ని కాదు.)

సంతరోజు రానే వచ్చింది. వానకి దారి తెగి ఎవరూ సంతకి వెళ్ళలేదు. మామ్మకేమో తల పగిలిపోతోంది. నవాసారం డబ్బీ ఖాళీ. ఆ చిరాకంతా పీత మీదికి మళ్ళి, వేడిగా పులుసైనా తాగుతానని జాడీ దగ్గరకొచ్చింది. నేను అడ్డం కూర్చుని ఏడుపు లంకించుకున్నాను. నన్ను పక్కకి నెట్టి, మూత తీసి, ముఖం లోపలికి పెట్టి వెతికింది.

అంతే, అలాగే ఉండిపోయింది. తల ఎత్తేసరికి కళ్ళమ్మట ధారలు. ముక్కు కరిచేసిందేమోనని దగ్గరికి ఉరికాను.

"ఏటే గుంటా, నా నవాసారం దీన్లో దాసినావా?" అంది.

లేదని ఒట్టు పెట్టాను. మళ్ళీ వంగి, గట్టిగా ఓ పీల్పు పీల్చింది. నేనూ వాసన చూశాను. అచ్చం అదే ఘాటు. ఉన్నదల్లా పీత, మన్ను. నవాసారం ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇద్దరికీ అర్థం కాలేదు. కాసేపటికి మామ్మ నొసలు చేత్తో నొక్కి చూసుకుంది.

"దీన్ని సంపకండి. ఇది మందు" అంది.

ఆ వానాకాలమంతా దానికి అన్నం మెతుకులు, మామ్మకి రోజుకో పీల్పు. వానలు వెనకబట్టాక మామ్మే దాన్ని బొరియ దగ్గర వదిలి, రెండు చేతులూ జోడించింది.

చాలా ఏళ్ళకి, జంతుశాస్త్రం చదువుతున్న మా మేనకోడలు ఆ గుట్టు విప్పింది. చేపకైతే తిండి అరిగాక ఒంట్లో మిగిలే విషం చుట్టూ ఉన్న నీళ్ళలో కలిసిపోతుందట. నేల మీది పీతకి అన్ని నీళ్ళెక్కడివి? అందుకని కొన్ని రకాలు మూతి దగ్గర వదిలిన మూత్రాన్నే మొప్పల మీదుగా పారించి, ఉప్పుని మళ్ళీ ఒంట్లోకి లాక్కుని, విషాన్ని అమ్మోనియాగా గాలిలోకి పంపేస్తాయట. నవాసారం ఘాటూ అదేనట.

మామ్మ పీల్చిందేమిటో అర్థమై పడీపడీ నవ్వాను. తర్వాత ఆ ఒంటి డెక్క పీతే కళ్ళ ముందు మెదిలింది. అరచేతిలో పట్టే జీవి, నీరు కరువైతే గాలిలోనే దారి చేసుకుంది! మామ్మ అప్పటికే పోయింది. ఉండుంటే, ఈ సంగతి విని ముక్కు పదిసార్లు కడుక్కునేదేమో గానీ, ఆ దండం మాత్రం వెనక్కి తీసుకునేది కాదు.