ఎర్ర పెన్నుతో రాసిన ఆదివారాలు

శనివారం మధ్యాహ్నం మూడింటికి కాంప్లెక్స్ బస్టాండులో, ద్వారకా నగర్ వైపు గేటు దగ్గర, మా పాపని వాళ్ళ నాన్నకి అప్పజెప్పేదాన్ని. ఆదివారం సాయంత్రం ఐదింటికి అదే గేటు దగ్గర మళ్ళీ తీసుకునేదాన్ని. మేం విడిగా ఉండబట్టి అప్పటికి ఏడాది దాటింది. పాపకి ఏడేళ్ళు. ఐదో ఏట షుగర్ వచ్చింది. పెద్దవాళ్ళకి వచ్చే రకం కాదు, పొద్దునా సాయంత్రం ఇన్సులిన్ సూది పడితేనే మనిషి నిలబడే రకం. అందుకని పాపతో పాటు ఒక సంచి కూడా చేతులు మారేది. షుగర్ చూసే మిషను, సూదులు, షుగర్ పడిపోతే ఇవ్వడానికి గ్లూకోజు పొడి, అంకెలు రాసే నోటుబుక్కు.

ఆ నోటుబుక్కులో ఆయనా నేనూ ఇద్దరం నీలం పెన్నుతోనే రాసేవాళ్ళం. వేసవిలో నేనొక ఎర్ర పెన్ను కొన్నాను. ఆదివారాల కోసమే కొన్నాను.

ఎందుకో చెప్తాను. వాళ్ళది గోదావరి వైపు. మామగారు స్టీల్‌ప్లాంటు పనికి ఇక్కడికొచ్చి గాజువాక వైపు స్థిరపడ్డారు, ఈయన కూడా అక్కడే క్రేను నడుపుతాడు. మాది జాలరిపేట. నాన్న వేటకెళ్తాడు, అమ్మ ఒడ్డున చేపలమ్ముతుంది. నేను తొమ్మిదితో బడి మానేసి బట్టల షాపులో చేరాను, ఆయన చొక్కా కొనడానికొచ్చాడు, మిగిలింది మీరు ఊహించుకోవచ్చు. ఐదారేళ్ళు బానే ఉన్నాం. ఆ తర్వాత లేం. విడిపోదామని పెద్దలు కూర్చున్న రోజున, పాప ఎవరి దగ్గరుండాలన్న మాట వచ్చినప్పుడు, మా అత్తగారు అందరి ముందూ అంది.

"ఆ నీసు చేతుల్తో పిల్లకి సూది పొడుత్తాదండీ. ఉన్న రోగం చాలదని ఇంకేం అంటుకుంటాయో."

నేను ఆవిడ వైపు చూడలేదు. ఆయన వైపు చూశాను. ఆయన ఫోను చూసుకుంటున్నాడు. పాపకి మొదటి సూది వేసింది నేను. ఆయన చెయ్యి వణికితే సిరంజి లాక్కుని వేసింది నేను. ఒక్క మాట అనొచ్చు కదా. అనలేదు. బడి రోజులు నా దగ్గర, శని ఆదివారాలు వాళ్ళ దగ్గర అని తేల్చారు. సరే అని తలూపాను గానీ, ఆ ఆదివారాలు కూడా వాళ్ళకి దక్కకుండా చేస్తానని లోపల అప్పుడే రాసిపెట్టుకున్నాను.

సందు కోసం చూస్తూ ఉంటే మే నెలాఖరులో దొరికింది.

ఆ నెల మా ఫ్రిజ్జు పోయింది. ఉప్పుగాలికి మా పేటలో ఏ ఫ్రిజ్జూ ఎక్కువ కాలం బతకదు, మాది అడుగంతా తుప్పు పట్టి ఆగిపోయింది. ఆసుపత్రి కార్డు నా పేరున ఉంది కాబట్టి నెలనెలా ఇన్సులిన్ సీసాలు నేనే తెచ్చి, ఒకటి ఆయనకిచ్చేదాన్ని. మా ఇంట్లో వాడుతున్న సీసా మట్టికుండలో ఉంటుంది, దానికి ఇబ్బంది లేదు. విప్పని సీసాలు రెండు ఫ్రిజ్జులో ఉన్నాయి. చల్లగా ఉంచకపోతే పాడవుతాయని ఆసుపత్రిలో గట్టిగా చెప్పారు. వాటిని పట్టుకుని గుమ్మంలో నిలబడితే అమ్మ నవ్వింది.

"దీనికేటే అంత బెంగ. మనకి ఐసు లేదా? వంజరాన్నే రెండ్రోజులు కళ్ళు సెడకుండా ఉంచుతాం, ఈ బుడ్డి సీసాలెంత."

నిజమే అనిపించింది. మాకు తెలిసిన విద్య అదొక్కటే కదా, ఒక వస్తువు పాడవకుండా ఉండాలంటే ఐసు. అత్తగారి మాట గుర్తుండి, చేప ముట్టని కొత్త థర్మాకోల్ పెట్టె తెచ్చాను. నలగ్గొట్టిన ఐసు పోసి, దూరం వెళ్ళే సరుకుకి చల్లినట్టు పైన రాళ్ళ ఉప్పు చల్లాను. ఉప్పు పడితే ఐసు కరిచినట్టు చల్లబడుతుంది. సీసాలకి రెండేసి కవర్లు చుట్టి మధ్యలో దించాను. రోజూ ఐసు మార్చాను. ఇంత జాగ్రత్త ఎవరు చేస్తారు అని నన్ను నేనే మెచ్చుకున్నాను.

వారం తిరిగేసరికి ఆయన సీసా విప్పి నెల దాటింది, ఇక వాడకూడదు. శనివారం కొత్తది ఒకటి ఇచ్చాను. ఆదివారం సాయంత్రం గేటు దగ్గర సంచి తీసి మిషను నొక్కి చూస్తే 386.

"ఏటి పెట్టినారు పిల్లకి?" అన్నాను.

"ఏమీ పెట్టలేదు. అన్నం కూడా కొలిచే పెట్టాం."

"కొలిసి పెడితే మూడొందలెనబయ్యారా? ఏ గంగాళంతో కొలిసినారు?"

పక్కన బొప్పాయి ముక్కలమ్మేవాడు పక్కున నవ్వాడు. ఆయన ముఖం మాడింది. నాకు చెప్పలేనంత హాయిగా ఉంది. ఇంటికి తెచ్చి మా సీసాతో సూది వేస్తే మంగళవారానికి పాప అంకెలు దారిలో పడ్డాయి. ఇంకేం కావాలి? నా దగ్గర బాగుంది, అక్కడికెళ్తే పాడవుతోంది. ఆ రోజే ఎర్ర పెన్ను కొన్నాను. తర్వాతి ఆదివారం 402. ఆ తర్వాత 391. పాప నీరసంగా దిగేది, దారంతా నీళ్ళు తాగేది. నేను తల నిమురుతూనే రెండో చేత్తో అంకె చుట్టూ ఎర్రగా సున్నా చుట్టేదాన్ని. బాధ లేదని కాదు. బాధ కంటే ముందు సంతోషం వచ్చేది. అది నిజం.

మూడో ఆదివారం ఇంటికొచ్చాక పాపని ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. వాళ్ళ ఊరి నుంచి ఎవరో పూతరేకులు తెచ్చారని అంతకుముందు తనే మాటల్లో చెప్పింది.

"నానమ్మ పెట్టిందా?"

"నేదమ్మా. నాకు పెట్నేదు."

"నిజం సెప్పు. కొట్టనులే."

"నిజంగా నేదు."

"అబద్ధాలు నేర్పినారా నీకు అక్కడ? నా కళ్ళలోకి సూసి సెప్పు."

ఎంతసేపు అడిగానో నాకే తెలీదు. చివరికి పాప, "రెండు తిన్నానమ్మా" అంది. అనేసి నా ముఖంలోకి చూసింది, సరిపోయిందా అన్నట్టు. ఆ చూపు నాకప్పుడే తెలిసింది. తెలిసీ పెన్ను తీశాను. 'నానమ్మ రెండు పూతరేకులు పెట్టింది. పాప చెప్పింది' అని రాసి కింద గీత గీశాను.

సోమవారం ఆ పేజీలన్నీ జెరాక్సు తీయించి, మా విడాకుల కేసులో కోర్టు తరపున మా ఇద్దరితో మాట్లాడే కౌన్సెలింగ్ మేడమ్ చేతిలో పెట్టాను. ఆదివారాలు ఆపించండి మేడమ్, పిల్లని చంపేస్తారు అన్నాను. పై వారం ఇద్దర్నీ పిలుస్తానంది.

మంగళవారం మా ఇంటి సీసా అయిపోయింది. ఐసు పెట్టెలో మిగిలిన రెండోది తీసి వాడాను. బుధవారం పొద్దున పాప బడికి తయారవుతూ వాంతి చేసుకుంది. మిషను 440 చూపించింది. ఇంకో సూది వేశాను. గంట తర్వాత మళ్ళీ చూస్తే మిషను అంకె కూడా చూపించలేదు, ఎక్కువ అని మాత్రం చూపించింది. పాప ఊపిరి అదోరకంగా, లోపల్నుంచి తోడినట్టు వస్తోంది. ఆటోలో ఆసుపత్రికి పరిగెత్తాం.

సెలైను ఎక్కించాక సిస్టరు నా సంచిలో సీసా తీసి వెలుతురుకి పెట్టి చూసింది. పాలనీళ్ళలా ఉండాల్సిన మందులో తెల్లటి పలుకులు గాజుకి అంటుకుని ఉన్నాయి.

"ఎక్కడ పెట్టేవమ్మా దీన్ని?"

"ఐసులో సిస్టర్. ఉప్పేసి మరీ పెట్టినాను."

"గడ్డకట్టిందేటి ఎప్పుడైనా?"

కట్టింది. ఆయనకిచ్చిన సీసా కవరు విప్పిన రోజున లోపల రాయిలా ఉంది. బాగా చల్లబడిందని సంబరపడి, ఎండలో కరగనిచ్చి ఇచ్చాను.

"గడ్డకడితే ఆ మందు సచ్చిపోయినట్టే. సల్లగా ఉంచమన్నాం గానీ, సేపలా గెడ్డకట్టీమన్లేదు కదమ్మా" అంది సిస్టరు. తిట్టినట్టు కూడా లేదు.

అప్పటికే ఆయన వచ్చి మంచం అవతల నిలబడి ఉన్నాడు. డ్యూటీ మధ్యలోంచి వచ్చాడు, నుదుటి మీద హెల్మెట్ పట్టీ గుర్తు అలాగే ఉంది. సీసా తీసుకుని చూశాడు. "మా దాంట్లోనూ ఇలాగే ఉంది. కలవలేదేమోనని గట్టిగా ఊపి వేశాను" అన్నాడు. ఇంకేదో అంటాడని చూశాను. నా దగ్గర జవాబులు సిద్ధంగా ఉన్నాయి. ఆయన పాప కాళ్ళ దగ్గర కూర్చున్నాడు, అంతే. మధ్యాహ్నానికి పాప కళ్ళు తెరిచి అన్నం అడిగింది.

తర్వాతి సోమవారం కౌన్సెలింగ్. నా జెరాక్సులు మేడమ్ ముందున్నాయి. అత్తగారు కూడా వచ్చింది. మేడమ్ అంకెలన్నీ చదివి, చివర గీత గీసిన మాట కూడా పైకి చదివింది.

అత్తగారు లేచి నిలబడింది. "నా మనవరాలి మీద ఒట్టమ్మా. పిల్ల కంట పడకూడదని పంచదార డబ్బా కూడా అటకెక్కించేశాను. ఆ పూతరేకులు వచ్చినవి వచ్చినట్టే పక్కింటోళ్ళకి ఇచ్చేశానండీ." అని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

దాచడమెందుకు, ఆ ఏడుపు నా చెవులకి ఇంపుగా ఉంది. ఏడాదిగా నేను కోరుకున్న నిమిషం అదే. నోరు మూసుకుని కూర్చుంటే చాలు, ఆదివారాలు నావి. ఆయన చెప్పొచ్చు, చెప్పడం లేదు. టేబుల్ మీద పేపర్ వెయిట్ చూస్తున్నాడు. ఇంకాసేపు ఏడవనిచ్చాను ఆవిణ్ణి. లెక్కపెట్టుకుని మరీ ఏడవనిచ్చాను. అప్పుడు పాప చూపు గుర్తొచ్చింది, సరిపోయిందా అన్న ఆ చూపు. ఈ కాగితం ఫైల్లో ఉన్నన్నాళ్ళూ పాప దాన్ని నిజమని చెప్తూనే ఉండాలి. నా కోసం.

"అది కొట్టీయండి మేడమ్" అన్నాను. "పూతరేకులు తినలేదు. నానే అడిగడిగి అనిపించినాను. మందు పాడైపోనాది. నానే ఐసులో పెట్టి పాడుసేసినాను. ఆళ్ళకిచ్చింది కూడా అదే మందు."

మేడమ్ కళ్ళజోడు తీసింది. అత్తగారి ఏడుపు టక్కున ఆగింది.

"నీసు పెట్టెలోనా?" అంది.

"కొత్త పెట్టి అత్తా. సేప ముట్టుకోలేదు దాన్ని" అన్నాను. ఆ ఒక్కటి మాత్రం వదిలేది లేదు.

ఆదివారాలు అలాగే ఉంచారు. ఆయన సీసా ఇకమీద ఆయనే ఆసుపత్రి నుంచి తెచ్చుకోవాలన్నారు. మెట్లు దిగుతుంటే అడిగాను.

"నీకు అన్నీ తెల్సు కదా. ఎందుకు సెప్పలేదు?"

"నువ్వు చెప్తావో చెప్పవో చూద్దామని" అన్నాడు.

అంటే నాకు పరీక్ష పెట్టాడు. వాళ్ళమ్మని ఏడవనిచ్చి మరీ నాకు పరీక్ష పెట్టాడు. నేనొక్కదాన్నే పగబట్టాననుకుని సిగ్గుపడుతున్నాను ఐదు రోజులుగా.

"సెప్పకపోతే?"

"శనివారం మూడింటికేగా?" అన్నాడు, బండి తాళం తీస్తూ.

"మూడంటే మూడే. లేటయ్యిందా, పిల్లని తీసుకుని ఎల్లిపోతాను."

శనివారం పది నిమిషాలు లేటుగా వచ్చాడు. వెళ్ళిపోలేదు నేను. పాప గేటు కమ్మీల మీదెక్కి రోడ్డు వైపు చూస్తోంది. ఆ పది నిమిషాలూ ఆయన్ని ఏమేం అనాలో వరసపెట్టి తయారుచేసుకున్నాను. బండి ఆగాక సంచి ఇచ్చి, అనుకున్నవాటిలో రెండు మాటలు అనేశాను కూడా.