కృపావతి టీచరు రాక్షస వేషం

అనంతగిరి నుంచి కాఫీ తోటల మీదుగా పైకి ఎక్కితే వచ్చే ఓ చిన్న గూడెంలో కృపావతి అంగన్‌వాడీ టీచరు. మనిషి భారీ, గొంతు అంతకన్నా భారీ. ఆమె "కూకోండి" అందంటే పిల్లలతో పాటు వాకిట్లో కోళ్లు కూడా కూర్చుంటాయని ఊళ్లో నవ్వుకునేవారు.

రెండువేల రెండులో వానలు వెనకబట్టాక, కొట్టు నడిపే భీమన్న డిష్షు పెట్టించి కలర్ టీవీ తెచ్చాడు. అందులో ఒకడు మెడకి ఎర్రగుడ్డ కట్టుకుని ఆకాశంలో ఎగిరేవాడు. వారం తిరక్కుండా గూడెంలో పిల్లలు నేల మీద నడవడం మానేశారు. తండ్రుల తువ్వాళ్లు, తల్లుల పాతచీర ముక్కలు మెడలకెక్కాయి. ఫల్గుణ అనేవాడు కాఫీ గింజలు ఆరబోసే కళ్లం గట్టు మీంచి ఎగిరాడు. ఎగరడం బాగానే ఎగిరాడు, దిగడమే రాలేదు. మోకాళ్లు చెక్కుకుపోయాయి.

వాడి తల్లి అచ్చియమ్మ అంగన్‌వాడీ కేంద్రం ముందుకొచ్చి నిలబడింది.

"ఏటి టీచరమ్మా, నా గుంటడిని సదువుకి అంపితే నువ్వు గాల్లోకి అంపుతున్నావేటి?"

"నానేటి సేత్తానమ్మా, రెక్కలు నాను కట్టానా?" అని అప్పటికి అందే గానీ కృపావతికి రోషమొచ్చింది. మర్నాడే తువ్వాళ్లన్నీ లాక్కుని రేకుపెట్టెలో పెట్టి తాళం వేసేసింది.

కేంద్రం చల్లబడిపోయింది. పిల్లలు గోడకానుకుని, ఉడకని పప్పులా కూర్చున్నారు. పాట పాడమంటే పాడేవారు, అందులో ఉప్పూ కారం ఉండేది కాదు. అప్పుడే ఇంకో సంగతి కృపావతి కంటబడింది. నాలుగేళ్ల గంగ నోరు మళ్లీ మూసుకుపోయింది. గంగ ఇంట్లో కువి అనే కొండభాషే గానీ తెలుగు లేదు. కొత్తలో తలుపు చాటు నుంచి ఇవతలికి వచ్చేదే కాదు. అలాంటి పిల్ల, తువ్వాలు మెడకి పడగానే "అడ్డు లెగండి! నానొత్తన్నాను!" అంటూ తనకన్నా పెద్దవాళ్లని తరిమేది. ఎవరు వీరుడో, ఎవరు మేకపిల్లో, ఎవర్ని ఎవరు కాపాడాలో తీర్పులు చెప్పేది. ఆ తెలుగంతా ఆటలోనే ఏరుకుంది. ఇప్పుడు తువ్వాలు లేదు, మాటా లేదు.

ఉప్మా కలుపుతూ కృపావతి చాలాసేపు ఆలోచించింది. అడుగంటిన వాసన వచ్చాక లేచి, పెట్టె తాళం తీసింది.

"ఇనండర్రా. ఎగిరినా కాళ్లు నేల మీదే ఉండాల. ఎవుర్నీ కొట్టకూడదు, కాపాడాల. సేతులు కడుక్కోనోడు వీరుడు కాడు."

అందరూ తలలూపారు. గంగ మాత్రం ముందుకొచ్చింది. "మరి రాచ్చసుడేడీ?"

ఆ పదవికి ఒక్కడూ ముందుకు రాలేదు. అందరి చూపులూ నెమ్మదిగా టీచరు మీదికి తిరిగాయి. ఆ చూపుల్లో అనుమానమన్నదే లేదు.

అప్పట్నుంచి కృపావతి నెత్తిన చేట, చేతిలో గరిటె పట్టుకుని గర్జించడం, పిల్లలు చుట్టుముట్టగానే చాప మీద దబ్బున కూలడం రోజువారీ పనయింది. దెబ్బ తగిలిన మేకపిల్లకి కట్టు కట్టే పని ఫల్గుణ తీసుకున్నాడు. అందులో మునిగి, గట్టెక్కి దూకే యావ మరిచిపోయాడు.

ఒకనాడు సూపర్‌వైజరు సత్యకుమారి చెప్పాపెట్టకుండా జీపు దిగింది. ఆమె గుమ్మంలోకి వచ్చేసరికి టీచరు చచ్చిపడి ఉంది. పొట్ట మీద ఇద్దరు వీరులు కూర్చున్నారు.

"కృపావతీ! ఏంటిది?"

కృపావతి గాభరాగా లేవబోయింది. గంగ గరిటె అడ్డం పెట్టింది. "సచ్చినోలు లెగకూడదు!" అని, సూపర్‌వైజరు వైపు తిరిగింది. "నువ్వు మంచిదానివా, సెడ్డదానివా?"

సత్యకుమారిని ఇంత ఉద్యోగంలోనూ ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. తడబడి, "మంచిదాన్నే" అంది.

"మరి నీ తువ్వాలేదీ?"

డ్రైవరు బయటే ఉన్నాడని చూసుకుని, సత్యకుమారి భుజం మీది శాలువా తీసి మెడకి ముడేసుకుంది. "ఇప్పుడేం చెయ్యాలి?"

"బల్ల కింద మేకపిల్లుంది. బేగి!"

సూపర్‌వైజరు మోకాళ్ల మీద బల్ల కిందికి దూరింది. కాసేపటికి టీ తాగుతూ, "మాట రాదని పోయినసారి చెప్పింది ఈ పిల్ల గురించేనా?" అని అడిగింది.

"ఈ గుంటేనమ్మా."

సత్యకుమారి టీ గ్లాసు కింద పెట్టి లేచింది. మెడలో ముడి విప్పడం మరిచిపోయి అలాగే జీపెక్కింది.

రెండేళ్లకి గంగ బడిలో చేరింది. మిగతా పిల్లలు ఏడుస్తుంటే, తను మాత్రం మేష్టారిని ఎగాదిగా చూసి "రాచ్చసుడు నువ్వేనా?" అని అడిగిందట. ఇక్కడ కృపావతి కొత్త పిల్లల చేతుల్లో రోజూ చస్తూనే ఉంది. సాయంత్రాలు ఆమె నడుముకి నూనె రాస్తూ భర్త కామేష్ ఒకసారి ఉండబట్టలేక అన్నాడు:

"ఒక్కపాలైనా నువ్వు గెలవరాదేటే?"

"నాను గెలిత్తే రేపు ఒక్కడూ రాడు," అంది కృపావతి. "కొంచెం కిందకి రాయి."