బాబాయి కునుకు తీస్తే బేరం కుదిరినట్టే

మా బాబాయి ఏ యంత్రం కొనాలన్నా ముందు దాని పక్కన నిద్రపోవాలి. కంపెనీ పేరు అడగడు, గ్యారంటీ చూడడు. కొట్టువాడి చేత దానితో కార్పెట్ శుభ్రం చేయించి, చెప్పులు విడిచి, ఆ చెమ్మ మీదే బోర్లా పడుకుని కళ్లు మూస్తాడు. కునుకు పడితే సరుకు మంచిది. పట్టకపోతే లేచి చొక్కా దులుపుకుంటాడు.

ఆఫీసులూ హాళ్లూ శుభ్రం చేయించడం ఆయన వ్యాపారం. కాలేజీ మానేసి ఇంట్లో గోళ్లు గిల్లుకుంటున్న నన్ను లాక్కొచ్చి పనిలో పెట్టాడు. ఆయన పడుకున్నప్పుడు జనం తొక్కకుండా చూడటమే నా ఉద్యోగం.

అప్పుడే ఒక చిక్కు వచ్చిపడింది. మేం శుభ్రం చేసే లైబ్రరీలో హాలంతా కార్పెట్. అక్కడ మా తరఫున పనిచేసే, మేమంతా పెద్దక్క అని పిలిచే ఆవిడకి కార్పెట్ షాంపూ ఘాటు తగిలితే దగ్గు. ఆవిడ దగ్గితే పుస్తకాల్లోంచి తలలన్నీ లేచేవి. నెలాఖరులోగా ఆవిణ్ని మార్చమని లైబ్రేరియన్ బాబాయికి తేల్చి చెప్పాడు. ఈ మాట పెద్దక్క చెవిన పడితే తనే మానేసి వెళ్తుంది, అంత పౌరుషం. బాబాయి మాత్రం పాత యంత్రం పక్కన తనకి నిద్ర పట్టడం లేదని ఊరంతా చాటి, నన్ను వెంటేసుకుని కొట్ల మీద పడ్డాడు.

మొదటి కొట్టువాడు తన షాంపూ మల్లెల వాసన వేస్తుందన్నాడు. బాబాయి పడుకుని, నాలుగు తుమ్ములు తుమ్మి లేచాడు. రెండో చోట యంత్రం మీద పచ్చటి ఆకు బొమ్మ అంటించారు, పర్యావరణానికి మేలట. బొమ్మ అంటిస్తే గాలి మారుతుందా నాయనా అని సణిగి బయటికి నడిచాడు.

మూడో కొట్టు పెద్దది. అద్దాల్లోంచి మధ్యాహ్నపు ఎండ దిగి, నున్నటి నేల మీద మబ్బులు ఈదుతున్నాయి. అక్కడిది వేడి ఆవిరితో మురికి వదిలించే యంత్రం. షాంపూ అక్కర్లేదు, నీళ్లు కొంచెమే, పీల్చిన దుమ్ము తిరిగి బయటికి రాదు. అక్కడి కార్పెట్ మీద దాన్ని నడిపించి బాబాయి మేను వాల్చాడు. నాకు ఒళ్లు మండింది.

"అక్కడ పెద్దక్క పని పోతుంటే నీకు నిద్ర కావాల్సొచ్చిందా బాబాయ్?"

ఆయన కళ్లు తెరవలేదు. "నువ్వూ పడుకోరా. ముక్కు కిందికి పెట్టు."

పడుకున్నాను. వెచ్చటి చెమ్మ తప్ప ఏ వాసనా లేదు. యంత్రం ఎక్కడో దూరంగా తుమ్మెదలా పాడుతోంది. మరకలు రుద్దేటప్పుడు పెద్దక్క మొహం కార్పెట్‌కి ఇంత దగ్గరగానే ఉంటుందని, రెప్పలు బరువెక్కుతుండగా తట్టింది. పక్కన అప్పటికే గురక మొదలైంది. ఆయనకి ఒంట్లో బాగాలేదా అని కొట్టువాడు గుసగుసగా అడిగాడు. కొంటున్నాడు, బిల్లు రాయమన్నాను.

నెలాఖరున లైబ్రేరియన్ హాలు గుమ్మంలో చాలాసేపు నిలబడ్డాడు. పెద్దక్క మోకాళ్ల మీద వంగి ఆ మూల నుంచి ఈ మూలకి వచ్చింది. ఒక్క దగ్గు లేదు, ఒక్క తలా లేవలేదు. ఆయన చప్పుడు చేయకుండా తలుపు దగ్గరికి వేసి వెళ్లిపోయాడు.

వరండాలో పెద్దక్క గొట్టం చుడుతూ నా వైపు వంగింది. "ఇది ఎవరికోసం కొన్నాడో నాకు తెలీదనుకుంటున్నాడు మీ బాబాయి. తెలుసని చెప్పకు, చిన్నబుచ్చుకుంటాడు."

తర్వాత మెట్ల దగ్గరున్న బాబాయికి వినపడేలా గొంతు పెంచింది. "ఏం నిద్ర పిచ్చయ్యా మీది. మీ కునుకు కోసం ఈ వయసులో నేను కొత్త మిషను నేర్చుకోవాలి."

"నేర్చుకోక తప్పదు మరి" అన్నాడు బాబాయి, దొరకని దొంగలా మురిసిపోతూ.