సున్న లేని నోటుపుస్తకం

నా చిన్నప్పుడు పెరుమాళ్ళ నెల పెరటాసి వచ్చిందంటే మా తాతయ్య దూరం ఆనని చూపు ఆకాశం మీదే ఉండేది. తమిళనాడులో తుంబలహళ్లి ఆనకట్టకు దగ్గరలో ఉన్న మా ఊరి పెరుమాళ్ళ గుడిలో మధ్యాహ్నం నైవేద్యం గంట మోగగానే గరుడపక్షి వచ్చి గోపురం చుట్టూ తిరుగుతుందని, ఒక్కరోజు కూడా తప్పదని ఆయన నమ్మకం. భజన గోష్ఠికి ఆయనే పెద్ద. ప్రతి శనివారం ఆ మాట చెప్పి చేతులు జోడించేవాడు.

ఆ ఏడు, కాలేజీలో జంతుశాస్త్రం చదివే పక్కింటి అక్క ఆనకట్ట పక్షులను లెక్కపెడుతూ నన్ను తోడు చేసుకుంది. తను గట్టు మీద, నేను గుడిమెట్ల మీద. బడిలో అన్నానికి వదిలినప్పుడు రోజూ అదే చోట, అదే వేళకు నిలబడాలి. తల, రొమ్ము తెల్లగా, ఒళ్లు ఇటుక రంగుగా ఉంటే గరుడపక్షి. తోక చీలి ఉంటే మామూలు గద్ద. కనబడినన్ని అప్పటికప్పుడే రాయాలి. కనబడకపోతే సున్న వేయాలి.

ఆ సున్న దగ్గరే నా చెయ్యి ఆగిపోయింది. తాతయ్యకు తెలుగు అక్షరాలే వచ్చు, నేను రాసేది బడిలో నేర్చిన అరవంలో. అందుకే మొదటి శనివారం నన్ను గోష్ఠిలో నిలబెట్టి చదివించాడు. ఆ వారం పక్షి రోజూ వచ్చింది. అందరూ దండం పెట్టుకున్నారు. తరువాతి సోమవారం ఆకాశం ఖాళీ. స్వామి వాహనం రాలేదని ఎలా రాయను? ఒకటి అని రాశాను. ఆ తరువాత అలా రాయడం సులువైపోయింది.

నెలాఖరున అక్క నా నోటు తిరగేసింది.

"నెలంతా ఒక్క సున్నా లేదేమే పాపా? జడివాన పట్టిన దినం గూడా వచ్చిందా?"

నేను తల వంచుకున్నాను. ఆమె తిట్టలేదు. తన నోటు తెరిచింది. అందులో ఎన్నో సున్నలు. "ఎప్పుడు రాలేదో తెలిస్తేనే, వచ్చిన దినం ఎందుకొచ్చిందో వెతకగలను" అంది. నేను రాసిన పుటలు తన చదువుకు పనికిరాకుండా పోయాయి.

మరునాడే చివరి శనివారం. గోష్ఠిలో తాతయ్య మాట పోతుందన్న భయంతోనే, ఏడుస్తూ ఆయనకు చెప్పాను. ఎన్ని రోజులని అడిగాడు. తొమ్మిది అన్నాను. లేనిది రాసిన రోజుల్లో ఒక్కటీ నేను మరిచిపోలేదు.

సాయంత్రం గోష్ఠిలో తనే లేచాడు. "నేను చెప్పింది తప్పు. తొమ్మిది దినాలు పక్షి రాలేదు."

"ఏం సామీ, గరుడాళ్వారు లీవు పెట్టినాడా?" అన్నాడు మృదంగం మామ. అందరూ నవ్వారు. తాతయ్యా నవ్వాడు.

"పెట్టినాడు. అయినా ఆ తొమ్మిది దినాలూ మనం గంట కొట్టినాము గదా" అన్నాడు.

నవ్వులు ఆగాయి. మామ మృదంగం ఒళ్లోకి తీసుకున్నాడు. ఆ రోజు భజన చాలాసేపు సాగింది.

తాతయ్య దగ్గర కూర్చుని తెలుగు అక్షరాలు నేర్చుకున్నది ఆ తరువాతే. ఇప్పుడు పక్షులను లెక్కపెట్టే నా నోటు తెలుగులోనే ఉంటుంది. ఈ రోజు మధ్యాహ్నం ముసురు పట్టింది. మేడ మీద పావుగంట నిలబడ్డాను. దిగివచ్చి సున్న వేశాను. తరువాత దేవుడి గదిలోకి వెళ్లి గంట కొట్టాను.