మా సామేలుకు ఇచ్చిన కాగితం

ఈ రోజు పొద్దున పట్నం బండిలో మా పెద్దోడు సామేలు బెల్లంపల్లికి వచ్చాడు. విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తూనే, డిగ్రీ మొదటి ఏడాది పిల్లలకు రసాయనశాస్త్రం చెబుతాడు. ఇంగ్లీషులోనే చెప్పాలని అక్కడ నియమం. మన జిల్లాల పిల్లలకు అర్థం కావడం లేదని వీడు తెలుగులోనూ ఉర్దూలోనూ విడమరచి చెప్పాడు. పెద్ద ప్రొఫెసరు పిలిపించాడని ఉత్తరం రాసేసరికి, ఇక ఉద్యోగం పోయినట్టేనని నిన్నటి నుంచి ఉపవాస ప్రార్థనలో ఉన్నాను.

వాడు గడప తొక్కకముందే అడిగాను. "తీసేసిన్రా బిడ్డా?"

"లేదు బాపు. మంచిగ చెప్తున్నవని కాగితమిచ్చిండు. ఎవలు బాగ చెప్తున్నరని అడిగితె పిల్లలందరు నా పేరే రాసిన్రట."

"అయినా నియమం తప్పితివి గదరా. పెద్దల మాట ఇనుమని జెప్పిన్నా లేదా?"

"పెంతెకొస్తు పండుగ నాడు ఏసు శిష్యులు మాట్లాడితె ఎవల భాషల వాళ్లకు ఇనవడ్డదని ఏటేటా ప్రసంగంల జెప్పేది నువ్వే గద బాపు."

చర్చిలో గని కార్మికులను గంటల తరబడి గద్దించే పాస్టరును నేను. ఆ కాగితాన్ని బైబిలులో దాచి, కడుపునిండా అన్నం తిన్నాను. సొంత బిడ్డల చేత ఇలా ప్రసంగం చెప్పించుకున్నవాళ్లు ఇంకెవరైనా ఉంటే చెప్పండి, నాకు కాస్త తోడుగా ఉంటుంది.