తుమ్మెద లేని రికార్డింగు

పొద్దున కాఫీ తాగుతూ, అలవాటు కొద్దీ, చప్పుడు చేయని కంప్యూటర్ల గురించి రాసే ఆ పాత వెబ్‌సైటు తెరిస్తే పైన కొత్తగా ఒక ప్రకటన కనిపించింది. రాసేవాళ్లు తగ్గిపోయారనీ, చదివేవాళ్లు అంతకన్నా తగ్గిపోయారనీ, సైటును ఇక మూసేద్దామా అని ఆలోచిస్తున్నామనీ, పాత స్నేహితులు ఏమంటారో చెప్పమనీ రాశారు. మళ్లీ మళ్లీ చదివేసరికి కాఫీ చల్లారిపోయింది. అలాంటి సైటు ఒకటుందని మా సూళ్లూరుపేటలో నాకు తప్ప ఇంకొకరికి తెలుసని అనుకోను. అది మూతపడితే నీకేం నష్టమని మీరు అడగవచ్చు. మా ఆవిడ గొంతు ఈ లోకంలో మిగిలి ఉన్నది అక్కడొక్కచోటే.

మా తరం వాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో కంప్యూటరంటే బల్ల కింద ఒక పెద్ద రేకు పెట్టె, ఆన్ చేయగానే లోపలి ఫ్యాన్లు పిండిమర మొదలైనట్టు మొదలయ్యేవి. బజారులో నాకు చిన్న డి.టి.పి. సెంటరు ఉండేది. పెళ్లి పత్రికలు, చర్చి కరపత్రాలు చేసి ఇస్తూ ఆ రొదలోనే బతికినవాణ్ణి కాబట్టి నాకది చప్పుడుగానే తోచేది కాదు. సెంటర్లోని పాత పెట్టె ఒకటి ఇంటికి తెచ్చాక, మా ఆవిడ దాని ముందు కూర్చుని బైబిలు వాక్యం చదివి రికార్డు చేయడం మొదలుపెట్టింది. మా అమ్మకు అప్పటికే చూపు మందగించింది, చర్చిలో చదువు రాని పెద్దవాళ్లు ఇంకొందరు ఉన్నారు, వాళ్లందరికీ సీడీలు చేసి ఇవ్వాలని ఆమె కోరిక. మొదటి సీడీని మా అమ్మ శ్రద్ధగా విని, "బాగానే చదివినావు గానీ, వెనక ఆ తుమ్మెద ఏందమ్మా, మాట తెలియనీకుండా" అంది. మా ఆవిడ నా వైపు చూసింది. ఆ తుమ్మెదను పట్టే పని అలా నా మీద పడింది.

వెతుక్కుంటూ పోతే దొరికింది ఆ సైటు. ఎక్కడెక్కడో చలిదేశాల్లో ఉన్న మనుషులు, డాక్టరు గుండె చప్పుడు విన్నట్టు ఒక్కొక్క ఫ్యానునూ చెవి ఒగ్గి విని, ఇది గురగురమంటుంది, ఇది సన్నగా ఈలేస్తుంది అని పేజీలకు పేజీలు రాసేవారు. రాకెట్టు లేచిన రోజున కిటికీ రెక్కలు దడదడలాడే ఊళ్లో, మద్రాసు రైళ్ల కూతల మధ్య కూర్చుని, నేను అవన్నీ పరీక్షకు చదివినట్టు చదివేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. కానీ వాళ్ల ఓపిక గొప్పది, నా వంకర ఇంగ్లీషులో ఏమడిగినా ఎవరూ వెక్కిరించలేదు. ఫ్యాను వేగం తగ్గించమంటే తగ్గించాను. కత్తిరి ఎండలకు పెట్టె ఉడికిపోయి దానంతటదే ఆగిపోయింది. మా ఎండల సంగతి చెబితే మొదట నమ్మలేదు, తర్వాత పాపం తలా ఒక మాట చెప్పి, పెద్ద ఫ్యాను పెట్టి నెమ్మదిగా తిప్పమన్నారు. అది కుదిరింది.

ఇక మిగిలింది హార్డ్ డిస్కు. అది తిరిగినప్పుడల్లా పెట్టె రేకంతా అదిరి మోగేది. రేకుకు తగలకుండా దాన్ని ఎలాస్టిక్‌తో ఉయ్యాలలా కట్టి వేలాడదీయమని అక్కడ రాశారు. మా ఆవిడ కుట్టుమిషను సొరుగులోంచి పిల్లల నిక్కర్లకు వేసే ఎలాస్టిక్ తీసి, నవ్వుకుంటూ తనే ముడులు వేసింది. ఈ ఉప్పుగాలికి మా ఇంట్లో ఏ నిక్కరు ఎలాస్టిక్కూ ఏడాది నిలవదని ఇద్దరికీ తెలుసు, అయినా ఆ పూట ఒక్కరికీ తట్టలేదు. తొలి వేసవికే అది సాగి డిస్కు ఒరిగిపోయింది. అప్పటినుంచీ ఏటా కొత్త ఎలాస్టిక్ కట్టడం ఆమె పనయింది.

ఆ సైటులో ఒక ఆచారం ఉండేది. పెట్టె సిద్ధమయ్యాక దాని పక్కన మైకు పెట్టి, గది చప్పుడు కాస్త రికార్డు చేసి అక్కడ పెడితే అందరూ విని తీర్పు చెప్పేవారు. నేనూ మైకు పెట్టి కూర్చున్నాను. అంతలో మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, "ఏందండీ, ఇంకా ఆన్ చేయలేదా?" అంది. అప్పటికే అది నడుస్తోంది. అంతకన్నా పెద్ద మెప్పు ఏముంటుందని, ఆమె ఏమందో ఇంగ్లీషులో వివరించి దాన్ని అలాగే పెట్టాను, వాళ్లంతా తెగ ముచ్చటపడ్డారు. వాళ్లలో పెద్దాయన ఒకరు మాత్రం, మాట కలిస్తే పెట్టె సంగతి తేల్చలేమనీ, ఉత్త గది చప్పుడుతో ఇంకొకటి పంపమనీ మర్యాదగా రాశారు. రెండోసారి ఆమెను పక్కన స్టూలు మీద కూర్చోబెట్టి, నోరు మెదపవద్దన్నాను. నవ్వు ఆపుకోలేక పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ రికార్డింగును మొదటిదాని కిందే పెట్టాను.

ఆమె ప్రభువు సన్నిధికి చేరాక, ఆ ఎలాస్టిక్ మార్చే పని ఒకటుందన్న సంగతే ఇంట్లో ఎవరికీ గుర్తు రాలేదు. ఒకనాడు అది తెగి, నడుస్తున్న డిస్కు అడుగు రేకు మీద పడింది. ఆమె చదివి రికార్డు చేసినదంతా దాంతోనే పోయింది. సీడీలు విన్న పెద్దవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు, వాళ్ల ఇళ్లలో వెతికితే దొరికినవి బూజు పట్టి పలకలేదు. ఏడవాలనిపించినప్పుడల్లా ఆ సైటు తెరిచి ఆ ఒక్క ప్రశ్న వింటూ వచ్చాను.

ఈ రోజు ఆ రెండు రికార్డింగులనూ ఫోన్‌లోకి దించుకున్నాను. మూయవద్దని వాళ్లకు రాయబోయి, ఎందుకు మూయకూడదో చెప్పలేక ఆపేశాను. ఇప్పటి ఫోన్లకు ఫ్యానూ లేదు, చప్పుడూ లేదు, చప్పుడు లేకపోవడం ఒక విశేషమని పిల్లలకు చెప్పినా అర్థం కాదు. ఒకప్పుడు కాస్త నిశ్శబ్దం కోసం ఇద్దరం ఎన్నో తంటాలు పడ్డాం. ఇప్పుడు ఇంట్లో దానికేమీ కొదవ లేదు. మొదటి రికార్డింగులో ఆమె అడుగుతుంది, నాకు జవాబు చెప్పాలనిపిస్తుంది. రెండోది వింటే ఎవరికైనా ఏమీ వినిపించదు, ఖాళీ గది అనుకుంటారు. ఆమె అక్కడే, నా పక్కనే, పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుని ఉంది. పొద్దుటినుంచీ దాన్నే వింటున్నాను.