ఆగకముందే వచ్చిన బండి

తొంభైల్లో ఒకసారి అనంతపురం నుంచి పిఠాపురం దర్శనానికి కారులో వెళ్తున్నాను. రాజమండ్రి దాటగానే డాష్‌బోర్డు మీద ఎర్ర లైటు వెలిగింది. ఇంజను పాడవుతుందేమోనని భయపడి, బుద్ధిమంతుడిలా, దారిలో కనిపించిన మొదటి మెకానిక్ షెడ్డు ముందే ఆపాను.

పెద్దవయసు మెకానిక్ బానెట్ వైపు కాకుండా నా వైపు వింతగా చూశాడు. "బండి నడుస్తోంది కదండీ, అప్పుడే వచ్చేశారేంటండీ? ఆగిపోయాక కబురెడితే మేమే వస్తాం కదండీ!"

బతిమాలితే ఫ్యాన్ బెల్టు విప్పాడు. నిండా పగుళ్లే. కొత్తది బిగించి, పాతదాన్ని శుభ్రంగా తుడిచి గోడమేకుకు తగిలించాడు.

"అది పారెయ్యరా?"

"భలేవారే! దారిలో బెల్టు తెగి ఆగిపోయినోళ్లకి వేస్తానండి."

"దాంతో ఎంత దూరం వెళ్తారండీ?"

ఆయన మర్యాద ఏమాత్రం తగ్గకుండా జవాబిచ్చాడు. "మళ్లీ నాకు కబురెట్టేంత దూరమండి."